ఏసీలో గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

ప్రశ్న: మా పడగ్గది ఏసీకి మూడేళ్లుగా ప్రతి వేసవిలో గ్యాస్ నింపిస్తున్నాం. మెకానిక్ వస్తాడు, సిలిండర్ తగిలిస్తాడు, పావుగంటలో "అయిపోయిందమ్మా, ఇక చల్లగా వస్తుంది" అని వెళ్లిపోతాడు. నాలుగైదు నెలలు బాగానే ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. ఈసారి లోపలి యూనిట్ నుంచి నీళ్లు కారుతుంటే మూత తీసి చూశాం. కాయిల్ మీద ఓ పక్క మంచు పేరుకుని ఉంది. గ్యాస్ ఇలా ఎందుకు అయిపోతోంది? ఈసారి మెకానిక్‌ని పిలిచినప్పుడు ఏం అడగాలి, ఏం చూడాలి?
– ఓ గృహిణి

జవాబు: అమ్మా, ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కి పంపుతుంది. బయటి కాయిల్‌లో అది వేడి వదిలేసి ద్రవంగా మారుతుంది. లోపలి కాయిల్‌లో మరుగుతూ గదిలోని వేడిని పీల్చుకుని మళ్లీ కంప్రెసర్ దగ్గరికే వస్తుంది. అదే గ్యాస్ అవే పైపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతుంది. ఫ్యాక్టరీలో పోసిన గ్యాస్‌తోనే పదేళ్లకు పైగా నడిచే యంత్రాలు ఎన్నో ఉన్నాయి. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. మీ ఇంట్లో ఏటా నింపారంటే, ఏటా ఆ కారే చోటును వెతకకుండా వదిలేశారన్నమాట. మీరు డబ్బిచ్చింది రిపేరుకు కాదు, గాల్లో కలిసిపోయే గ్యాస్‌కు.

అయితే మంచు కనిపించగానే గ్యాస్ తగ్గిందని తేల్చేయకండి. ఫిల్టర్‌కు దుమ్ము పట్టినా, లోపలి ఫ్యాన్ రెక్కలకు మడ్డి పేరుకున్నా కాయిల్ మీదుగా గాలి సరిగ్గా ఆడదు. అప్పుడూ మంచు కడుతుంది. తేడా ఎలా పట్టుకోవాలంటే, గాలి ఆడక కట్టిన మంచు ఎక్కువగా కాయిల్ అంతటా పరుచుకుంటుంది. గ్యాస్ తక్కువైతే, గ్యాస్ కాయిల్‌లోకి వచ్చే వైపు కొన్ని వరుసల్లోనే మంచు ఉంటుంది, మిగతా కాయిల్ ముట్టుకుంటే గది వేడిలోనే ఉంటుంది. ఉన్న కాస్త గ్యాస్ మొదటి మలుపుల్లోనే మరిగిపోతుంది. ప్రెషర్ పడిపోవడంతో అది సున్నా డిగ్రీల కంటే తక్కువలో మరుగుతుంది. గాలిలోని తేమ అక్కడే గడ్డకడుతుంది. మీరు రాసిన "ఓ పక్క మంచు" రెండో రకానికే దగ్గరగా ఉంది. అయినా ముందు ఫిల్టర్ కడిగి, మంచు పూర్తిగా కరిగాక ఇరవై నిమిషాలు నడిపి, బయటి యూనిట్ పక్కన ఉండే రెండు రాగి పైపులు చూడండి. లావు పైపు చల్లగా ఉండి చెమట పడుతుంటే గ్యాస్ దాదాపు సరిగ్గానే ఉందనుకోవచ్చు. సన్న పైపు మీద తెల్లగా మంచు పట్టి, లావు పైపు చల్లబడకుండా ఉంటే గ్యాస్ తగ్గినట్టే.

ఇక కారే చోటు. ఇళ్లలో నేను ముందుగా చూసేది ఫ్లేర్ జాయింట్లనే, అంటే పైపు చివర గరాటులా విప్పి నట్టుతో బిగించిన చోట్లు. గ్యాస్ పోతూ పోతూ తనతో పాటు కంప్రెసర్ ఆయిల్‌ను కూడా కొంచెం మోసుకొస్తుంది. నట్టు కింది అంచున వేలు పెట్టి రాస్తే జిడ్డు తగులుతుంది. ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లటి మచ్చ కడుతుంది. చుట్టూ పైపు మామూలు దుమ్ముతో పొడిగా ఉండి, ఆ ఒక్క నట్టు దగ్గరే తడిగా నల్లగా ఉంటే కారే చోటు దొరికినట్టే. నట్టును మరీ బిగించినా ముప్పే. రాగి పలచబడి, చీలి, అప్పుడు కాకపోయినా ఏడాదికి కారుతుంది. అందుకే ఎంత బలంతో బిగించాలో అంతే బిగించే టార్క్ రెంచ్ వాడమంటారు. రెండో చోటు సర్వీస్ వాల్వ్‌లోని పిన్ను. గ్యాస్ నింపి గొట్టం తీసేశాక అది సరిగ్గా కూర్చోకపోతే బుడగలు బుడగలుగా పోతూనే ఉంటుంది. దాని మీద ఇత్తడి మూత బిగించకుండా వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ మూత దుమ్ము పడకుండా పెట్టింది మాత్రమే కాదు, లీకుకు రెండో కాపలా కూడా అదే.

మూడోది లోపలి కాయిల్. ఇదే కష్టమైనది. రాగిలో కంటికి కనిపించని సొరంగాలు తొలిచే ఒక రకం తుప్పు ఉంది. చీమల పుట్టలా లోపల్లోపలే దారులు చేస్తుంది కాబట్టి దాన్ని చీమల పుట్ట తుప్పు అనే పిలుస్తారు. గాలిలో ఉండే ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాల ఆవిర్లు, తేమ కలిస్తే అది మొదలవుతుంది. అలాంటి కాయిల్‌కు ఒక చిల్లు పూడిస్తే పక్కనే ఇంకొకటి బయటపడుతుంది. కాయిల్ మార్చడమే మంచిదని మెకానిక్ చెబితే, చిల్లు ఎక్కడుందో చూపించమని అడిగి, చూపిస్తే ఒప్పుకోండి.

వెతికే పద్ధతి సబ్బు నురగ, నైట్రోజన్. ఏసీలో మిగిలిన గ్యాస్‌ను రికవరీ సిలిండర్‌లోకి (తీసిన గ్యాస్‌ను పట్టి ఉంచే సిలిండర్) తీసేసి, పొడి నైట్రోజన్‌ను రెగ్యులేటర్ ద్వారా యూనిట్ ప్లేటు మీద రాసిన పరిమితి దాటకుండా నింపి, ప్రతి జాయింట్‌కూ నురగ రాస్తారు. కాసేపు ఆగి గేజ్‌లో ముల్లు దిగిందేమో చూస్తారు. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చినవాడు కనిపిస్తే మొహమాటపడకుండా పని ఆపించేయండి. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కు కంప్రెసర్ ఆయిల్ తగిలితే పేలుతుంది.

లీకు పూడ్చాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగేయాలి. ఆ తర్వాత తూకం వేసి గ్యాస్ ఎక్కించాలి. మీరు చూడాల్సింది ఇంతే: అతను వెంట పంపు తెచ్చాడా, నైట్రోజన్ తెచ్చాడా, డిజిటల్ కాటా తెచ్చాడా. ఈ మూడూ లేకుండా సిలిండర్, గేజ్ మాత్రమే పట్టుకొచ్చిన మనిషి ఎంత మంచివాడైనా ఈ పని చేయలేడు. పనంతా పూర్తవడానికి కనీసం రెండు మూడు గంటలు పడుతుంది. పావుగంటలో అయ్యేది కాదు.

ప్రశ్న: గురువుగారూ, నేను ఏసీ పని నేర్చుకుంటున్నాను. వాక్యూమ్ పంపు ఆన్ చేసిన ఐదు నిమిషాలకే గేజ్ ముల్లు మైనస్ 30కి వెళ్లిపోతుంది. అంతకంటే కిందికి ఎటూ పోదు కదా. మరి అరగంట, ముప్పావుగంట ఎందుకు నడపాలి? మా సీనియర్ అయితే పంపే వాడడు. కొంచెం గ్యాస్ వదిలి గాలిని తోసేస్తే చాలంటాడు.
– పని నేర్చుకుంటున్న ఓ కుర్రాడు

జవాబు: తమ్ముడూ, ఇలా అడిగినందుకు సంతోషం. ఈ సందేహం రాకుండానే ఏళ్లు గడిపేసేవాళ్లు చాలామంది.

ముల్లు మైనస్ 30 (పాదరసం అంగుళాల్లో) చూపించడం అంటే గాలిలో చాలా భాగం బయటికి వెళ్లిందని మాత్రమే. మన అసలు శత్రువు ఆ తర్వాత మిగిలే తేమ. లెక్క చూడు. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి 760 మిల్లీమీటర్ల పాదరసం. మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) చెబితే 7,60,000. పైపు లోపల గోడకు అంటుకున్న నీటి తడిని పంపు నీరుగా లాగలేదు, ఆవిరిగా మారిస్తేనే లాగగలదు. 25 డిగ్రీల గదిలో నీళ్లు మరగాలంటే లోపలి ఒత్తిడి సుమారు 24,000 మైక్రాన్లకు దిగాలి. ఇప్పుడు నీ గేజ్ చూసుకో. దాని మీద ఒక అంగుళం అంటే 25,400 మైక్రాన్లు. అంటే నీళ్లు మరగడం మొదలయ్యే చోటు నీ గేజ్ మీద చిట్టచివరి గీతకూ దాని ముందు గీతకూ మధ్యలో ఉంది. మనకు కావలసింది 500 మైక్రాన్ల లోపు. అది అంగుళంలో యాభయ్యో వంతు. ముల్లు మందమే అంతకంటే ఎక్కువ. 20,000 దగ్గరున్నా, 500 దగ్గరున్నా నీ ముల్లు ఒకే చోట నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. మైక్రాన్ గేజ్ అని వేరే ఉన్నది అందుకే. పనిలో పైకి రావాలనుకుంటే మొదటి సంపాదనతో దాన్ని కొనుక్కో.

దాన్ని పంపు దగ్గర తగిలించకు. పంపు పక్కన ఎప్పుడూ మంచి రీడింగే వస్తుంది. పంపుకు దూరంగా, ఏసీ వైపున తగిలించు. గొట్టం పొట్టిగా, లావుగా ఉండేది వాడు. వాల్వ్ పిన్నును దాని టూల్‌తో తీసేసి లాగితే సగానికి సగం సమయం కలిసొస్తుంది. అంత చిన్న సందులోంచి ఆవిరి రావాలంటే ఎంత కష్టమో ఓసారి ఆ పిన్నును వెలుతురులో పట్టుకుని చూస్తే నీకే తెలుస్తుంది. పంపులో ఆయిల్ కూడా చూస్తుండు. కొత్తగా పోసినప్పుడు తేటగా ఉంటుంది. తేమ లాగేకొద్దీ అద్దంలోంచి తెల్లగా, మబ్బుగా కనిపిస్తుంది. ఆ ఆయిల్‌తో ఎన్ని గంటలు నడిపినా లోతుకు దిగదు, ఎందుకంటే ఆ ఆయిల్‌లోని నీరే తిరిగి ఆవిరవుతుంటుంది. పంపు వేడిగా ఉన్నప్పుడే ఆయిల్ వంపేసి కొత్తది పోయాలి.

500 లోపుకు దిగాక కూడా పని అయిపోలేదు. పంపు వైపు వాల్వ్ మూసేసి, పంపు ఆపి, పది పదిహేను నిమిషాలు గేజ్ చూస్తూ కూర్చో. టీ తాగడానికి వెళ్లిపోకు, ఆ రీడింగ్ ఎలా పెరుగుతుందన్నదే నీకు కావలసిన సమాచారం. కొంచెం పెరిగి 500 దగ్గర్లోనే ఆగిపోతే లోపల పొడిగా, గట్టిగా ఉన్నట్టు. పదిహేను వందలో, రెండు వేలో, ఒక చోటికి పెరిగి అక్కడ నిలిచిపోతే తేమ ఇంకా ఉంది. ఆగకుండా పెరుగుతూనే పోతే లీకు ఉంది, మళ్లీ నైట్రోజన్ దగ్గరికి వెళ్లాల్సిందే. తేమ ఎక్కువున్నట్టు అనిపిస్తే పొడి నైట్రోజన్ కొద్దిగా వదిలి, కాసేపు ఉంచి, తీసేసి, మళ్లీ వాక్యూమ్ పెట్టు. పైపులో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు ఒక్కసారిగా లోతుకు లాగితే 4,600 మైక్రాన్ల దగ్గర అవి గడ్డకట్టే ప్రమాదం ఉంది. గడ్డకట్టిన నీరు చాలా నెమ్మదిగా ఆవిరవుతుంది.

ఆ కాస్త తేమకు ఇంత ఆరాటం ఎందుకంటావా? ఆర్-32, ఆర్-410ఏ అనే గ్యాస్‌లతో నడిచే యంత్రాల్లో సాధారణంగా వాడేది పాలియోల్ ఎస్టర్ రకం ఆయిల్. అది గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. వేడికి ఆ తేమతో కలిసి విడిపోయి ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం కంప్రెసర్ లోపలి వైండింగ్ (మోటారు తీగచుట్ట) మీది పూతను నెమ్మదిగా తినేస్తుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక కంప్రెసర్ కాలిపోతే నీ పనికీ దానికీ సంబంధం ఉందని ఎవరూ కనిపెట్టలేరు. నువ్వు మాత్రం కనిపెట్టాలి. ఒకసారి ఆయిల్‌లోకి దిగిన తేమను వాక్యూమ్ కూడా సరిగ్గా లాగలేదు. అందుకే పైపులు విప్పి ఉంచినంతసేపూ చివర్లు మూసిపెట్టు.

మీ సీనియర్ చెప్పిన పద్ధతికి నేను ఒప్పుకోను. గ్యాస్‌తో తోస్తే గాలి కొంత పోతుంది, తేమ గోడలకే ఉండిపోతుంది. మిగిలిన గాలి బయటి కాయిల్‌లో చల్లబడి ద్రవం కాదు కాబట్టి అక్కడే చోటు ఆక్రమించి ప్రెషర్ పెంచుతుంది. పైగా గ్యాస్ వాతావరణంలో కలుస్తుంది. ఇంకొంతమంది ఏసీ కంప్రెసర్‌నే పంపులా నడిపి గాలి లాగించేస్తారు. అది మరీ ప్రమాదం. గాలి, ఆయిల్ కలిసి నొక్కుడు పడితే వేడికి మండి కంప్రెసర్ పేలిపోతుంది. పంప్ డౌన్ చేస్తూ, అంటే గ్యాస్‌నంతా బయటి యూనిట్‌లోకి లాగుతూ, పైపు విప్పేసినప్పుడు ఇలా పేలిన ప్రమాదాలు జరిగాయి. వాక్యూమ్‌లో ఉన్న కంప్రెసర్‌కు కరెంటు కూడా ఇవ్వకూడదు, లోపల స్పార్క్ వచ్చి వైండింగ్ పాడవుతుంది.

ప్రశ్న: మాది ఇన్వర్టర్ ఏసీ. గ్యాస్ నింపేటప్పుడు మెకానిక్ గేజ్‌లో 140 పీఎస్‌ఐ ప్రెషర్ చూపించి "కరెక్ట్‌గా ఉంది సార్" అన్నాడు. మర్నాడు ఇంకొకాయన వచ్చి ఎక్కువైందని కొంత తీసేశాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఓ ఉద్యోగి

జవాబు: గేజ్‌లో ఒక్క అంకె చూసి గ్యాస్ కొలవడం కుదరదండీ. ఇన్వర్టర్‌లో కంప్రెసర్ వేగం క్షణక్షణానికీ మారుతుంటుంది. వేగం తగ్గితే ఆ గేజ్‌లోని ప్రెషర్ పెరుగుతుంది, వేగం పెరిగితే ప్రెషర్ పడిపోతుంది. గది వేడి, బయటి ఎండ, ఫ్యాన్ స్పీడ్, ఫిల్టర్ శుభ్రం, అన్నీ దాన్ని కదిలిస్తాయి. కాబట్టి ఇద్దరూ తమ కళ్లముందు ఉన్న అంకె గురించి నిజమే చెప్పి ఉండొచ్చు, ఇద్దరికీ లోపల ఎంత గ్యాస్ ఉందో తెలియదు.

బయటి యూనిట్ పక్కన అతికించిన ప్లేటు చూడండి. అక్కడ గ్యాస్ పేరు, బరువు రాసి ఉంటాయి, ఉదాహరణకు "ఆర్-32, 0.80 కిలో" అని. సరైన కొలత అదే. ఉన్నదంతా రికవరీ సిలిండర్‌లోకి తీసి, వాక్యూమ్ పెట్టి, సిలిండర్‌ను కాటా మీద ఉంచి అంత బరువు ఎక్కించాలి. పైపు కంపెనీ చెప్పిన పొడవు కంటే ఎక్కువుంటే మీటరుకు కొన్ని గ్రాములు కలపాలి. ఎన్ని గ్రాములో ఇన్‌స్టలేషన్ మాన్యువల్‌లో ఉంటుంది. యాభై గ్రాములు అటూ ఇటూ అయితే ఏం పోయిందని కొందరు అంటారు. ఎనిమిది వందల గ్రాముల యంత్రంలో యాభై తక్కువేం కాదు. ఎక్కువైతే ద్రవం ఆవిరి కాకుండా కంప్రెసర్‌లోకి వెళ్లే ప్రమాదం ఉంది. తక్కువైతే తిరిగొచ్చే చల్లటి గ్యాస్‌తో చల్లబడాల్సిన కంప్రెసర్ వేడెక్కుతుంది.

మీది ఆర్-410ఏ అయితే ఇంకో జాగ్రత్త. అది ఆర్-32, ఆర్-125 సగం సగం కలిపిన మిశ్రమం. ఆవిరిగా ఎక్కిస్తే పాళ్లు కొంచెం మారతాయి కాబట్టి సిలిండర్‌ను తలకిందులుగా పెట్టి ద్రవంగానే పంపాలి. కంప్రెసర్ నడుస్తుంటే మాత్రం వాల్వ్‌ను కొద్ది కొద్దిగా తెరుస్తూ పంపాలి. ఆర్-32 ఒకే పదార్థం, దానికి ఈ ఇబ్బంది లేదు.

ప్రశ్న: మా పాత ఆర్-22 ఏసీలో ఆర్-32 నింపొచ్చా? ఆర్-22 దొరకడం లేదంటున్నారు.
– ఓ పాఠకుడు

జవాబు: వద్దు. ఒకే వేడి దగ్గర ఆర్-32 ప్రెషర్ ఆర్-22 కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. మీ కాయిల్, పైపులు ఆ ప్రెషర్‌కు తయారు చేసినవి కావు. ఆర్-22 యంత్రాల్లో సాధారణంగా ఉండే మినరల్ ఆయిల్ ఆర్-32తో కలిసి తిరిగి రాదు. అన్నిటికంటే ముఖ్యం, ఆర్-32 మండే స్వభావం ఉన్నది. పాత యూనిట్లలోని స్విచ్‌లు, రిలేలు దాన్ని ఉద్దేశించి పెట్టినవి కావు. ఎవరైనా "నడుస్తుంది సార్" అంటే నడవొచ్చు కూడా, కానీ మీ ఇంట్లో దాని పక్కన పడుకునేది మీ పిల్లలు.

ప్రశ్న: ఏసీ గ్యాస్ కారితే ఊపిరికి ప్రమాదమా? మెకానిక్ మా బాల్కనీలోనే బుస్సుమని గ్యాస్ వదిలేస్తుంటే భయమేసింది.
– ఓ పాఠకురాలు

జవాబు: ఇంటి ఏసీలో ఉండే కొద్దిపాటి గ్యాస్ కిటికీలు తెరిచిన గదిలో కారితే సాధారణంగా ఆందోళన పడాల్సిన పని లేదు. కానీ ఈ వాయువులు గాలి కంటే బరువు. మూసి ఉన్న చిన్న గదిలో నేల దగ్గర పేరుకుని గాలిని పక్కకు నెట్టేస్తాయి. నిప్పు తగిలితే అవి విడిపోయి హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విష వాయువులు పుడతాయి. అందుకే గ్యాస్ పూర్తిగా తీయకుండా పైపుకు వెల్డింగ్ మంట పెట్టనివ్వకండి. లీకు అనుమానం ఉంటే దీపం, అగరుబత్తి, పొయ్యి ఆర్పి కిటికీలు తెరవండి. బయటికి చిమ్మే ద్రవం చర్మానికి తగిలితే మంచు కాటులా కాలుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ఇక బాల్కనీలో వదిలేయడం గురించి. ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కాబట్టి 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దాన్ని తగ్గించుకుంటూ వస్తున్నారు. ఆర్-32, ఆర్-410ఏ ఓజోన్‌కు హాని చేయవు గానీ భూమిని వేడెక్కిస్తాయి. వందేళ్ల లెక్కన ఒక కిలో ఆర్-410ఏ సుమారు 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఆర్-32 సుమారు 675 కిలోలతో సమానం. వీటి వాడకం తగ్గించాలని 2016లో కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. ఆ బుస్సుమన్న శబ్దంలో పోయింది ఇంత. వదిలేయకుండా పట్టుకోవడానికి రికవరీ మెషిన్, దానికి తగిన సిలిండర్ ఉంటాయి. ఆ సిలిండర్‌ను ఎనభై శాతానికి మించి నింపకూడదు, ఎండకు ద్రవం వ్యాకోచించడానికి చోటు ఉండాలి. మీ మెకానిక్‌ను పిలిచేటప్పుడే ఫోన్‌లో అడగండి, "రికవరీ మెషిన్ తెస్తారా?" అని. తేనంటే, తెచ్చేవాళ్లు దొరికేదాకా ఇంకో రెండు రోజులు ఫ్యాన్ వేసుకోండి.